తప్పు వేషం

ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే ఆ బడికి పెళ్లికళ వచ్చేస్తుంది. గోడలకి వెల్ల పడుతుంది, ఏడాదంతా బీరువాలో మగ్గిన గ్లోబు బయటికొచ్చి బల్లెక్కుతుంది, ఆడపిల్లల మరుగుదొడ్డికి ఉన్నట్టుండి గడియ మొలుస్తుంది. తేడా అల్లా ఒక్కటే. పెళ్లిలో పెళ్లికూతురు ఒక్కతే ఉంటుంది. ఇక్కడ టీచర్లందరూ పెళ్లికూతుళ్లే, చూడవచ్చినాయనకి నచ్చకపోతే మొహం ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తెలియదు.

వ్యాకరణం మేడమ్‌కి ఈ పెళ్లిచూపులు పదకొండోసారి. ఆ పేరు పిల్లలు పెట్టిందే. ఆరు, ఏడు తరగతులకి భాష చెబుతుంది, అందులోనూ వాక్యం కట్టడం నేర్పడం ఆవిడ పని. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే నెట్టుకొస్తోంది. సెలవుల ముందు ఉద్యోగం అయిపోయిందని ఒక కాగితం, సెలవుల తర్వాత మళ్లీ రమ్మని ఒక కాగితం, మధ్యలో నెలన్నర గుండె దడ. ఈ ఏడు ఒక పర్మనెంట్ పోస్టు ఖాళీ అయింది. ఇన్‌స్పెక్టరు పుస్తకంలో ఎవరి పాఠానికి మంచి మాట పడితే వాళ్లకే ఆ పోస్టు. వచ్చే ఏటికి ఆవిడకి నలభై అయిదు నిండుతాయి, ఆ తర్వాత పర్మనెంట్ మాటే ఎత్తకూడదని రూలు. ఇప్పుడు కాకపోతే ఇక లేదన్నమాట.

అలాంటప్పుడు మనిషికి ఎక్కడలేని హుషారు రావాలి కదా. ఆవిడకి వచ్చిందల్లా మోకాళ్ల నొప్పి. నాలుగు సెక్షన్లు, సెక్షనుకి నలభై ఆరు నోటుపుస్తకాలు, వారానికో ఎర్ర రీఫిల్లు. ‘మామయ్య వచ్చింది’, ‘ఆవులు పాలిచ్చాడు’, ‘నేను నిన్న ఊరు వెళ్తాను’. దిద్దిందే దిద్దడం, చెప్పిందే చెప్పడం. నిద్రలో కూడా దుప్పటి మీద వేలితో సున్నాలు చుడుతోందని భర్త వేళాకోళం చేస్తాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. “నేను లిఫ్టుని పైకీ కిందకీ తిప్పుతాను, నువ్వు పదాల్ని ముందుకీ వెనక్కీ తిప్పుతావు. ఇద్దరం కలిసి ఇంతవరకూ ఎక్కడికైనా చేరామా?” అంటాడు. ఆ మాటకి ఒకప్పుడు నవ్వేది. ఈమధ్య నవ్వడానికి కూడా ఓపిక చాలడం లేదు.

అలాగని పాఠం చెప్పడం రాని మనిషి కాదు. అట్టముక్కల మీద పదాలు రాసి పిల్లల మెళ్లో వేలాడదీస్తుంది. పని చేసేవాళ్ల అట్ట పసుపు, ఆ పని ఎవరికి జరిగిందో వాళ్లది నీలం, పని చెప్పే మాట ఎరుపు. పిల్లలు వరసలో నిలబడి వాక్యమవుతారు. “ఎర్రట్ట ఇంటిపెద్ద లాంటిది. అందరూ గడప దాటాక, ఎంతమంది వెళ్లారో లెక్క చూసుకుని, చివర్న తాళం వేసుకుని వస్తుంది” అని చెబుతుంది. ముగ్గురు బయటికొస్తే ‘వచ్చాడు’ అని తాళం వేసే పెద్ద ఇంటికి పనికిరాడని కూడా చెబుతుంది. పిల్లలు కిసుక్కున నవ్వుతారు, నవ్విన పాఠం మర్చిపోరు.

అయితే ఇన్‌స్పెక్షన్ రోజున మంచి పాఠం ఒక్కటే చాలదు. దానికో తప్పు కావాలి. ఇది ఆ బళ్లో తరతరాల రహస్యం, ఆవిడ చేరిన కొత్తలో రిటైరవబోతున్న ఓ పెద్దావిడ చెవిలో వేసి పోయింది. పిల్లలందరూ టకటకా ఒప్పులే చెబితే వచ్చినాయనకి అనుమానం వస్తుంది, బట్టీ పట్టించారంటాడు. మధ్యలో ఒక్క పిల్ల తప్పు చెప్పాలి. టీచరు కోప్పడకుండా దాన్ని దిద్దాలి. ఆ పిల్ల మొహం వెలిగి ఒప్పు చెప్పాలి. అప్పుడు ఇన్‌స్పెక్టరు తల పంకిస్తాడు. స్టాఫ్‌రూములో దీన్ని తప్పు వేషం అంటారు, ఈ ఏడు మీ క్లాసులో తప్పు వేషం ఎవరికిచ్చారని మామూలుగా అడుగుతారు.

మొదటి ఏడు ఆవిడ తెలివితక్కువగా ఆ వేషం నిజంగానే చదువు రాని కుర్రాడికిచ్చింది. అదెంత పొరపాటో అందరి ముందూ తెలిసింది. వాడు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒప్పు చెప్పాడు. కంగారులో రెండోసారి అడిగితే, ఏ వ్యాకరణానికీ అందని తప్పు ఒకటి చెప్పాడు. దాన్ని ఎక్కణ్ణించి దిద్దాలో తెలియక ఆవిడ కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. ఆ దెబ్బతో జ్ఞానోదయమైంది. రానివాడి తప్పుకి లెక్కాపత్రం ఉండదు. అనుకున్న తప్పు, అనుకున్నంతే, అనుకున్నప్పుడు చెప్పాలంటే క్లాసులో అందరికన్నా బాగా వచ్చిన పిల్లే కావాలి.

ఈ ఏడు ఆ పిల్ల పిచ్చుక. ఏడో తరగతి. సన్నటి గొంతు కాబట్టి ఆ పేరు. బడి వెనక వీధిలో ఇస్త్రీ షాపాయన కూతురు. ఆ షాపులో బల్ల కింద కూర్చుని, పొట్లాలు కట్టడానికి తెచ్చిన పాత పేపర్లన్నీ చదివేస్తుంటుంది. ఆవిడ బట్టలు కూడా అక్కడికే వెళతాయి. ఒకనాడు బట్టలు తీసుకుంటూ పర్మనెంట్ పోస్టు సంగతి వాళ్లమ్మతో చెప్పుకుని, ఇదే ఆఖరి అవకాశం అని ఓ నిట్టూర్పు విడిచింది. బల్ల కిందున్న పిల్ల విందో లేదో ఆవిడ పట్టించుకోలేదు.

వారం రోజులు బడి అయ్యాక పిచ్చుకని ఆపి వేషం నేర్పించింది. ‘మా అన్నయ్య, నేను బడికి వచ్చాడు’ అనాలి. అనగానే నాలుక కరుచుకోకూడదు. దిద్దేదాకా తెల్లమొహం వేయాలి. మొదట్లో పిచ్చుక నోరు ఆ తప్పుకి తిరిగేది కాదు, ‘వచ్చాం’ అని దానంతటదే వచ్చేసేది. ఆవిడ విసుక్కోకుండా మళ్లీ మళ్లీ అనిపించింది. ఒప్పు నేర్పడానికి జీతం తీసుకుంటూ తప్పు నేర్పడానికి గొంతు చించుకుంటున్నానేమిటని ఒక సాయంత్రం అనిపించకపోలేదు. కానీ బస్సు పోతుందేమోనన్న తొందరలో ఆ ఆలోచన అంతటితో సరి.

ఇన్‌స్పెక్టరు మూడో పీరియడ్‌కి వచ్చాడు. కోపిష్ఠి అనుకున్నారు గానీ కాదు. కడుపులో నెప్పట, ఫ్లాస్కులో వేడినీళ్లు తెచ్చుకుని గుటక గుటకా తాగుతూ వెనక బెంచీలో కూర్చున్నాడు. హెడ్మాస్టరు పక్కన నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. పాఠం నల్లేరు మీద బండిలా సాగింది. అట్టలు వేలాడాయి, వాక్యాలు నిలబడ్డాయి. తన వంతు రాగానే పిచ్చుక తప్పు చెప్పింది, చెప్పవలసినంతే చెప్పింది. క్లాసు గొల్లున నవ్వింది. పిల్లలకి వేషం సంగతి తెలియదు మరి. ఆవిడ దగ్గరికెళ్లి, భుజం మీద చెయ్యేసి, ఎంతమంది వచ్చారమ్మా అని అడిగింది. పిచ్చుక మొహం వెలిగింది, ఒప్పు చెప్పింది. ఇన్‌స్పెక్టరు తల పంకించాడు.

అక్కడితో ఆగితే కథే లేదు. ఆయనకి ముచ్చటేసి, నేర్పింది ఎంత నాటుకుందో చూద్దామని లేచొచ్చాడు. అమ్మా నాన్నా బజారుకి వెళ్లడం గురించి ఒక వాక్యం చెప్పమని పిచ్చుకని అడిగాడు. ఇది నాటకంలో లేదు. పిచ్చుక మేడమ్ వైపు చూసింది. ఆవిడకి అవునని తలూపాలో కాదని ఊపాలో తోచక బొమ్మలా నిలబడిపోయింది.

“మా అమ్మా నాన్నా బజారుకి వెళ్లింది సార్” అంది పిచ్చుక.

ఇంకోటి అడిగాడు. అదీ తప్పే. మూడోది అడిగాడు. అదీ అంతే, వరస తప్పని తప్పు. క్లాసు నవ్వుతూనే ఉంది. ఇన్‌స్పెక్టరు జాలిగా పిల్ల తల నిమిరి, పేరూ నంబరూ రాసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం హెడ్మాస్టరు గదిలోకి పిలిచారు. ఇన్‌స్పెక్టరు తన పుస్తకం ఆవిడ వైపు తిప్పి చూపించాడు. ‘బోధన ఆదర్శప్రాయం. ఖాళీ పోస్టుకి సిఫారసు చేస్తున్నాను’ అని ముత్యాల్లాంటి అక్షరాలు. ఆవిడ ఒకటికి రెండుసార్లు చదువుకుంది. కాళ్లు తేలికైనట్టనిపించింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆవిడకి పిచ్చుక గుర్తే లేదు.

పేజీ తిప్పితే గుర్తొచ్చింది. ఈ ఏడు ఆ పుస్తకంలో కొత్త గడి ఒకటి పెట్టారు, విడిగా కూర్చోబెట్టాల్సిన పిల్లల పేర్లు రాయాలి. ఖాళీగా వదిలితే పై ఆఫీసులో సంజాయిషీ అడుగుతారు. ఏడో తరగతి గడిలో పిచ్చుక పేరుంది. సోమవారం నుంచి డి సెక్షన్. “మీ లోపం ఏమీ లేదమ్మా. నలభై అయిదు మందికి వచ్చింది. ఆ ఒక్క పిల్లకే పాపం ఎక్కడం లేదు” అని ఇన్‌స్పెక్టరు ఆవిణ్ణి ఓదార్చాడు కూడా.

డి సెక్షన్ అంటే స్టోరురూము వెనకున్న పొడుగాటి గది. అన్ని తరగతుల్లో వెనకబడ్డవాళ్లనీ అందులో కూర్చోబెడతారు. వాళ్లకంటూ టీచరు లేదు, ఆ గంటకి ఖాళీగా ఉన్నవాళ్లు వెళ్లి అల్లరి కాకుండా చూసి వస్తారు. ఆ గది పిల్లలు హైస్కూలు ప్రవేశ పరీక్షకి కూర్చోరు. అందులోకి వెళ్లి తిరిగొచ్చిన పిల్లని పదకొండేళ్లలో ఆవిడ ఒక్కర్ని కూడా చూడలేదు.

బయటికొచ్చాక హెడ్మాస్టరు వెంటపడి మరీ సర్దిచెప్పాడు. నెల పోనివ్వండి, నేనే ఏదో చేసి వెనక్కి తెప్పిస్తాను, ఈలోగా మీరు నోరు మెదిపి చేతికందిన కూడు నేలపాలు చేసుకోకండి అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. చేస్తానన్నవి మర్చిపోతాడు, అంతే. ఆవిడ అలాగేనంది. స్టాఫ్‌రూములోకి వెళ్లి టిఫిన్ డబ్బా మూత తీసి, తినకుండా మళ్లీ పెట్టేసింది. భర్తకి ఫోను చేసి శుభవార్త చెబుదామనుకుంది. అదీ చెయ్యలేదు. పదకొండేళ్ల అలసట ఒక్కసారిగా వచ్చి మీద కూర్చున్నట్టుంది, ఆవిడకి కుర్చీలోంచి కదలబుద్ధి కాలేదు. ఎవరికేం చెప్పినా చెప్పకపోయినా సాయంత్రం ఆ నోటుపుస్తకాలు దిద్దక తప్పదు కదా అనుకుంది.

అప్పుడే పిచ్చుక తలుపు దగ్గరకొచ్చి నిలబడింది. మొహం చాటంత చేసుకుంది.

“మేడమ్, బాగా చెప్పానా? ఆయన అడిగినవి మీరు నేర్పలేదుగా. నేనే అప్పటికప్పుడు కట్టేశాను. మూడూ ఒకే రకం తప్పు వచ్చేలా చూసుకున్నా.”

“బాగా చెప్పావమ్మా” అంది ఆవిడ.

“మీకు ఉద్యోగం వచ్చేసినట్టేనా?”

ఆవిడ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. పిచ్చుక ఎగురుకుంటూ వెళ్లిపోయింది. తన పేరు ఎక్కడ ఎక్కిందో ఆ పిల్లకి తెలియదు. తెలిసేది సోమవారం, అటెండెన్సులో పేరు పిలవనప్పుడు. అది తలుచుకున్నాక ఆవిడకి కూర్చోవడం కష్టమైంది. ధైర్యమేమీ రాలేదు, ఆ మాట ఆవిడే ఒప్పుకుంటుంది. అటు వెళ్లలేక, ఇక్కడ ఉండలేక, చివరికి ఉండడమే ఎక్కువ కష్టమనిపించి లేచింది.

హెడ్మాస్టరు గదిలో ఇన్‌స్పెక్టరు సంచి సర్దుకుంటున్నాడు. ఆవిడ నిలబడే ఉండి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆ తప్పు తాను నేర్పిందేనని, ఆ పిల్ల క్లాసులోకెల్లా మొదటిదని, తన పోస్టు కోసమే ఇదంతా అని చెప్పింది. ఇన్‌స్పెక్టరు సాంతం విని, మెత్తగా నవ్వాడు. పిల్లని కాపాడుకోడానికి తన మీద వేసుకుంటోందనుకున్నాడాయన. ఇలాంటి మనసున్న టీచర్లు అరుదని, ఆ మాట కూడా పుస్తకంలో రాస్తానని అన్నాడు. చేసిన తప్పు ఒప్పుకున్నందుకు మెప్పు దొరకడం ఎంత నరకమో ఆవిడకి అప్పుడు తెలిసింది. కావాలంటే పిల్లని పిలిచి అడగండి అంది.

పిచ్చుకని పిలిపించారు. పిల్ల చేతులు కట్టుకుని నిలబడింది. ఇన్‌స్పెక్టరు వంగి, భయం లేదమ్మా, నీ స్నేహితులు ఆడుకోవడం గురించి ఓ మాట చెప్పు అన్నాడు. పిచ్చుక హెడ్మాస్టరు మొహం చూసింది, బల్ల మీద పుస్తకం చూసింది, మేడమ్ కళ్లల్లోకి చూసింది. ఆ కళ్లు ఎర్రగా ఉన్నాయి. పిల్లకి ఏం అర్థమైందో, వెంటనే సాయానికొచ్చింది.

“నా స్నేహితులు మైదానంలో ఆడుకుంటోంది సార్.”

చూశారా అన్నట్టు ఇన్‌స్పెక్టరు చేతులు చాపాడు. హెడ్మాస్టరు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడైనా ఊరుకోవచ్చు. చెప్పవలసింది చెప్పింది, వాళ్లు నమ్మలేదు, పాపం వాళ్లదని సరిపెట్టుకోవచ్చు. ఆవిడకి ఆ ఊహ రాకపోలేదు, వచ్చి ఓ క్షణం నిలిచింది కూడా. కానీ పిల్ల తన వైపే చూస్తోంది, బాగా చెప్పానా అన్నట్టు.

“ఇక చాలమ్మా” అంది ఆవిడ. “వారం రోజులుగా మనం ఏం చేశామో సారుకి చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు.”

“చెబితే మీకు…”

“నా సంగతి నేను చూసుకుంటాను. నువ్వు చెప్పు.”

పిచ్చుక ఆ సన్నటి గొంతుతో మొదలుపెట్టింది.

“అన్నీ ఒప్పులే చెబితే మీరు నమ్మరని, ఇన్‌స్పెక్షన్ రోజున ఒకరి చేత తప్పు చెప్పిస్తారు సార్. నిజంగా రానివాళ్లు ఏ తప్పు చెబుతారో ముందుగా తెలీదు కాబట్టి, బాగా వచ్చినవాళ్లే చెప్పాలని మేడమ్ నన్ను ఎంచుకున్నారు. మీరు సొంతంగా అడిగినవాటికి ఏం చెప్పాలో మాత్రం ఆవిడ నాకు చెప్పలేదు. మేడమ్‌కి ఇదే ఆఖరి అవకాశమని మా అమ్మతో అంటుంటే విన్నాను, అందుకని నేనే తప్పులు కట్టి చెప్పాను.”

ఎక్కడా తడబడలేదు. దిద్దడానికి ఒక్క మాట లేదు. ఇన్‌స్పెక్టరు మొహంలో నవ్వు మెల్లగా ఇంకిపోయింది. ఆయన స్కేలు అడిగి తీసుకుని, పిచ్చుక పేరు మీద తిన్నగా గీత కొట్టాడు. పేజీ వెనక్కి తిప్పి, ఇంకో గీత కూడా కొట్టాడు.

“తెలిసీ అబద్ధం ఉంచలేనమ్మా” అన్నాడు. కోపంగా అనలేదు. ఆవిడ సరేనంది. ఆయనకి దణ్ణం పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది.

వరండాలో ఎవరూ లేరు. ఆరో పీరియడ్ నడుస్తోంది, ఏదో క్లాసులో ఎక్కాలు వల్లిస్తున్నారు. మెట్ల దగ్గరకొచ్చేసరికి పిచ్చుక ఆగింది.

“నేను చెప్పినందుకు మీకు ఉద్యోగం పోయిందా మేడమ్?”

అబద్ధం చెప్పే ఓపిక ఆవిడకి లేదు.

“ఆ పోస్టు ఇక రాదమ్మా. అది నీ వల్ల కాదు.”

పిచ్చుక ఆలోచించింది. లెక్క ఎక్కడ తేడా కొట్టిందో వెతుక్కుంటున్నట్టు పెదవి కొరుక్కుంది.

“అయితే తప్పే చెప్పి ఉండాల్సింది మేడమ్” అంది. “ఇంకో రెండుసార్లు చెప్పగలిగేదాన్ని.”

ఆవిడ మెట్టు మీద కూలబడిపోయింది. వారం రోజులు బడి అయ్యాక కూర్చోబెట్టి ఈ పిల్లకి తాను నేర్పింది ఇదా అనిపించింది. పోస్టు పోయినప్పుడు రాని ఏడుపు ఇప్పుడు ముంచుకొచ్చింది, ఆపుకోవాలని కూడా చూడలేదు. పిచ్చుకని దగ్గరికి లాక్కుని పక్కన కూర్చోబెట్టుకుంది.

“కాదు తల్లీ. రేపు క్లాసులో అందరి ముందూ చెబుతాను.”

“ఏమని మేడమ్?”

“తప్పు నాదని.”

పిచ్చుక సరేనన్నట్టు తల ఊపింది. కానీ నమ్మినట్టు కనిపించలేదు.